మైలాపూరు మేడలో మొదలైన గణిత సంస్థ

చెన్నైలో మన తెలుగువారి గొప్ప గురించి మాట వస్తే పిట్టి త్యాగరాయ శెట్టి గారినీ, పానగల్ రాజా వారినీ వెంటనే తలుచుకుంటాం. అల్లాడి రామకృష్ణన్ గారి పేరు ఎత్తితే మాత్రం "అయ్యరు గారబ్బాయి కదా, తమిళులేమో" అంటారు. ఆయన తండ్రి, రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యులు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు పుట్టింది నెల్లూరు జిల్లాలో. ఇంటిపేరే చెబుతోంది కదా.

రామకృష్ణన్ గారు 1923లో మద్రాసులో పుట్టారు. న్యాయశాస్త్రం చదివినా తండ్రి వృత్తిలోకి వెళ్ళక, హోమీ భాభా దగ్గర పరిశోధనలో చేరారు. ఆ తరువాత మాంచెస్టరులో బార్ట్‌లెట్ వద్ద డాక్టరేటు చేశారు.

ఆయన చేసిన లెక్క ఏమిటంటే: ఆకాశం నుంచి ఒక్క కాస్మిక్ కణం గాలిలోకి దూసుకొచ్చి మరికొన్ని కణాలను పుట్టిస్తుంది, అవి ఇంకొన్నిటిని. కిందికి వచ్చేసరికి అదొక జల్లు. ఏ శక్తి దగ్గర ఎన్ని కణాలున్నాయో తెలియాలి. కాని శక్తి ఒకటి, రెండు, మూడు అని మెట్లుగా ఉండదు. అందుకని ఆయన ఒక చిన్న ముక్క తీసుకుని, అందులో ఒక కణం ఉండే అవకాశం ఎంత, ఇక్కడొకటి అక్కడొకటి ఒకేసారి ఉండే అవకాశం ఎంత అని లెక్క కట్టారు. ఈ రెండో ప్రశ్నే ముఖ్యం. ఒకే తల్లి పిల్లలు కనుక ఒకదాని ఉనికి రెండోదాని సంగతి కొంత చెబుతుంది. దీనికే ప్రొడక్ట్ డెన్సిటీ అని పేరు.

1957-58లో ప్రిన్స్‌టన్ ఉన్నత విద్యా సంస్థలో ఉండి వచ్చాక, అలాంటిది మద్రాసులో ఎందుకుండకూడదు అనుకున్నారు. మైలాపూరులోని సొంత ఇల్లు 'ఏకామ్ర నివాస్'లోనే విద్యార్థులను కూర్చోబెట్టి సెమినార్లు మొదలుపెట్టారు. 1960లో నీల్స్ బోర్ అంతటివారు ఆ ఇంటికి వచ్చి, ఆ కుర్రవాళ్ళను మెచ్చుకున్నారు. ఆ మాట నెహ్రూ గారి చెవిన పడింది. రాష్ట్ర విద్యామంత్రి సి. సుబ్రమణ్యం గారు పూనుకున్నారు. 1962 జనవరి 3న 'మ్యాట్‌సైన్స్' ప్రారంభమైంది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఒక కుర్చీ మంజూరు కావాలంటే ఫైలు ఎన్ని బల్లలు దాటాలో నాకు తెలుసు. రెండేళ్ళలో ఒక సంస్థే లేచిందంటే నాకు ఆ లెక్కల కంటే ఇదే పెద్ద వింత! ఆరోజు ఆయన ప్రసంగానికి కూడా 'అద్భుతం జరిగింది' అన్న అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు.

1983 దాకా, ఇరవై ఒక్క ఏళ్ళు ఆయనే డైరెక్టరు. పాలన మీద పడ్డా పరిశోధన మానలేదు. 2008లో అమెరికాలోని ఫ్లోరిడాలో కన్నుమూశారు. అక్కడే గణిత ఆచార్యులైన కుమారుడు కృష్ణస్వామి అల్లాడి గారు సంఖ్యాశాస్త్రంలో పేరు పొందినవారు. సంస్థ తరమణిలో నేటికీ నడుస్తోంది.

ఈ వేసవి తెలుగు తరగతుల్లో పిల్లలకు ఆయన గురించి ఒక గంట చెప్పించాలని మా సంఘం అనుకుంటోంది. లెక్కలు తెలుగులో చెప్పగలిగినవారు ముందుగా పేరు ఇవ్వండి.