తెరకు కబురు అందని మార్పులు

ఒక తరగతి మార్కుల పట్టిక కంప్యూటరు తెరపై కనుపించుచున్నదనుకొందము. రెండవ విద్యార్థికి 75కు బదులు 57 అని పడినది. ఉపాధ్యాయుడు దిద్దెను, యంత్రపు జ్ఞాపకమందు 75 చేరినది. తెర మాత్రము 57నే చూపుచున్నది! యంత్రము చెడలేదు. మార్పు సంగతి తెరకు తెలియలేదు, అంతే.

వెబ్ పుటలను నిర్మించుటకు తోడ్పడు సాధనములను ఫ్రేమ్‌వర్కులందురు. దత్తాంశము మారగనే తెరను తామే మార్చుట వీని ముఖ్యమైన పని. ఇవాన్ యూ 2014లో వెలువరించిన 'వ్యూ' అట్టిది. 2016లో వచ్చిన దాని రెండవ రూపమున పై చిక్కు స్పష్టముగా కనుపించును.

అందలి పద్ధతి ఇది. పుట ప్రారంభమగునపుడే వ్యూ దత్తాంశములోని ప్రతి పేరునకు ఒక కావలివానిని నియమించును. ఆ పేరునకు క్రొత్త విలువ నిచ్చినచో కావలివాడు తెరకు కబురంపును. పుట నడచుచుండగా క్రొత్త పేరును చేర్చినచో దానికి కావలి యుండదు; నియామకములు అప్పటికే ముగిసినవి గదా!

వరుసల సంగతి మరింత తికమక. 'పుష్' అను ఆజ్ఞతో వరుస చివర ఒక విలువను చేర్చినచో తెర మారును. ఏలయన అట్టి ఏడు ఆజ్ఞలను వ్యూ ముందే తనకు అనువుగా మలచుకొన్నది. 'మార్కులు[1] = 75' అని నేరుగా వ్రాసినచో మారదు. (ఈ లెక్క సున్నతో మొదలగును గనుక 1 అనగా రెండవ స్థానము.) పొడవైన వరుసలో ప్రతి స్థానమునకు కావలి పెట్టుట భారమని మానివేసిరి. కాని అదే స్థానములో వట్టి అంకెకు బదులు పేరును, మార్కులును గల ఒక వస్తువు ఉండి, అందలి మార్కులను మార్చినచో తెర మారును! పని ఒక్కటే, వ్రాసిన తీరును బట్టి ఫలితము వేరు. నేర్చుకొనువానికి ఇంతకంటె చిక్కేమి కావలయును?

అంతటితో పోలేదు. ఆ భాగములోనే తెరపై నున్న మరియొక విలువ మారినచో భాగమంతయు తిరిగి గీయబడును. అందాక దాగిన 75 అప్పుడు హఠాత్తుగా వెలికి వచ్చును. అందుచే దోషము ఒకమారు కనుపించి మరియొకమారు మాయమగును. వెదకువాని అవస్థ చెప్పనలవి కాదు.

'వ్యూ.సెట్' అను ఆజ్ఞ దీనికి విరుగుడే, కాని ప్రతిసారి గుర్తుంచుకొని వాడవలెను. అసలైన మార్పు 2020లో విడుదలైన మూడవ రూపమున వచ్చినది. ఇందు పేరుపేరునకు కావలి లేదు. ఒక్కొక్క వస్తువు ముందు 'ప్రాక్సీ' అను ఒకే ద్వారము కలదు. ఇది 2015 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణములో చేరిన సదుపాయము. క్రొత్త పేరైనను, వరుసలోని స్థానమైనను ఆ ద్వారము గుండ పోవలసినదే. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11లో ప్రాక్సీ లేనందున ఆ బ్రౌజరును వదలుకొనవలసి వచ్చినది. రెండవ రూపమునకు అధికారిక పోషణ 2023 డిసెంబరు 31తో ముగిసినది.

అయినను ద్వారమును తప్పించి, లోపలి మూల వస్తువునే చేతబట్టి మార్చినచో, మూడవ రూపమున గూడ తెరకు కబురు అందదు.