ఊడిన పన్ను చిన్న నష్టం కాదు

"పళ్లున్నవాడికి శనగలు లేవు, శనగలున్నవాడికి పళ్లు లేవు" అని మన పెద్దలు సామెత చెప్పారు. ప్రభువునందు ప్రియులారా, ఈ సామెత విని మనం నవ్వుకుంటాము. కాని మన సంఘాలలో అరవై దాటినవారి భోజనం దగ్గర కూర్చుంటే నవ్వు రాదు. కొల్లేటి లంక గ్రామాలలో ఇళ్లు దర్శించేటప్పుడు చూస్తుంటాను. ఇంటిల్లిపాదీ కొర్రమీను పులుసుతో అన్నం తింటూ ఉంటే, మామ్మగారు మాత్రం ఒక మూల కూర్చొని మజ్జిగ అన్నం మెత్తగా పిసికి మింగుతూ ఉంటారు. "పళ్లు పెట్టించుకోకూడదా మామ్మగారూ?" అంటే, "నాకెందుకండీ అయ్యగారూ పళ్లు? ఇంకెన్నాళ్లుంటాను గనుక!" అంటారు. అలా అన్నవారే మరి పది పదిహేనేళ్లు బ్రతుకుతారు. ఆ పదిహేనేళ్లూ మజ్జిగ అన్నమే.

ఇంకొక వైపు, పట్నం వెళ్లి వచ్చిన వారు "స్క్రూ పళ్లట, ఎముకలో బిగిస్తారట, జన్మలో కదలవట" అని చెప్పగా విని, పొలం తాకట్టు పెట్టడానికి సిద్ధపడే కుటుంబాలూ ఉన్నాయి. ఈ రెండు తొందరల మధ్య నిలిచి ఆలోచించవలసిన సంగతి ఇది. పోయిన పన్ను పెట్టించుకోవడం డాబు కాదు. అయితే ఖరీదైనదే మంచిదనుకోవడం కూడా జ్ఞానం కాదు.

వాక్యంలో పంటి విలువ

పన్ను చిన్న అవయవమే గాని దేవుని వాక్యం దానిని చిన్నచూపు చూడలేదు. నిర్గమకాండము 21వ అధ్యాయం 27వ వచనం చదవండి. యజమానుడు తన దాసుని పన్ను గాని దాసి పన్ను గాని ఊడగొడితే, ఆ పంటికి బదులుగా ఆ మనిషిని స్వతంత్రునిగా పంపివేయాలని అక్కడ ఆజ్ఞ ఉంది. ఒక్క పంటికి మనిషి స్వాతంత్ర్యమంత వెల! సామెతలు 25వ అధ్యాయంలో జ్ఞాని, కష్టకాలంలో నమ్మకద్రోహిని నమ్ముకోవడాన్ని విరిగిన పంటితో పోల్చాడు. విరిగిన పంటితో కొరకబోయినవాడికి ఆ పోలిక ఎంత నిజమో తెలుసు. ప్రసంగి 12వ అధ్యాయంలో ముసలితనాన్ని వర్ణిస్తూ, తిరగలి విసిరేవారు తక్కువై పని మానడం గురించి చెప్పాడు. ఆ విసిరేవారు మన దవడ పళ్లేనని వాక్య పండితులు వివరిస్తారు.

పళ్లు తినడానికే కాదు, మాటకు కూడా కావాలి. మన వ్యాకరణంలో త, థ, ద, ధ, న అక్షరాలను దంత్యాలు అన్నారు. నాలుక పంటికి తగిలితేనే అవి పలుకుతాయి. "దేవా" అన్నా, "తండ్రీ" అన్నా మొదటి అక్షరం దంత్యమే. ముందు పళ్లు పోయిన పెద్దలు సంఘంలో పాట ఎత్తడం, వాక్యం చదవడం మానుకుంటున్నారంటే భక్తి తగ్గి కాదు, మాట జారిపోతుందన్న సిగ్గు చేత. ఆ సిగ్గును చూసి పిల్లలు నవ్వితే పెద్దలు మందలించాలి.

ఒక్క పన్ను పోతే ఏమవుతుంది?

"ఒక్కటే కదా, లోపలిది, కనబడదు కదా" అని చాలామంది ఊరుకుంటారు. ఖాళీ అయిన చోటు ఖాళీగా ఉండదు. పక్క పళ్లు మెల్లగా ఆ సందులోకి ఒరుగుతాయి. ఎదుటి దవడలోని పన్ను, తనకు ఆనుడు లేక, కిందికో పైకో సాగుతుంది. సందుల్లో అన్నం ఇరుక్కొని మంచి పళ్లు కూడా పుచ్చుతాయి. ఇంతకంటె కంటికి కనబడని నష్టం ఇంకొకటి ఉంది. పంటి వేరు ఉన్నంతకాలమే దవడ ఎముకకు పని. వేరు పోతే ఎముక కరగడం మొదలుపెడుతుంది. మొదటి సంవత్సరంలోనే ఎక్కువ కరుగుతుంది. పళ్లన్నీ పోయిన వారి బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కుకు దగ్గరవడానికి కారణం ఇదే. అందుచేత పన్ను తీయించుకున్న రోజునే, దాని చోట ఏమి పెట్టించాలో డాక్టరుగారిని అడగడం మంచిది.

మూడు మార్గాలు

మొదటిది తీసి పెట్టుకునే పళ్లు. ఒక పన్నయినా, పళ్లన్నీ అయినా పెట్టించుకోవచ్చు. దీనినే మనం పళ్ల సెట్టు, కట్టుడు పళ్లు అంటాము. ఖర్చు తక్కువ, కోత లేదు. పై సెట్టు అంగిలిని పట్టుకొని బాగానే నిలుస్తుంది. కింది సెట్టుకు నాలుక అడ్డు గనుక కొంచెం కదులుతుంది. అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజునే శనగలు కొరికి చూసి "ఇవి పనికిరావు" అని పెట్టెలో దాచేయకూడదు.

రెండవది బ్రిడ్జి. పోయిన పంటికి రెండు పక్కలా ఉన్న పళ్లను అరగదీసి, వాటిపై తొడుగులు వేసి, మధ్యలో పన్ను నిలబెడతారు. కదలదు, త్వరగా పూర్తవుతుంది. కాని మంచి పళ్లను అరగదీయవలసి వస్తుంది.

మూడవది ఇంప్లాంటు. పోయిన వేరుకు బదులుగా టైటానియం లోహపు స్క్రూను దవడ ఎముకలో నాటి, దానిపై పన్ను బిగిస్తారు. పక్క పళ్లను ముట్టుకోరు. మూడింటిలో ఖర్చు దీనికే ఎక్కువ, ఒక్కొక్క పంటికి వేలల్లోనే అవుతుంది.

ఈ మూడవ పద్ధతి ఎలా వచ్చింది?

పోయిన పంటి చోట ఏదో ఒకటి నాటాలన్న కోరిక చాలా పాతది. మధ్య అమెరికాలోని హోండురాస్‌లో పురాతన మాయా జనుల దవడ ఎముక ఒకటి 1931లో దొరికింది. అందులో పళ్లకు బదులు గవ్వ ముక్కలు నాటి ఉన్నాయి. తరువాతి కాలంలో ఏనుగు దంతంతో, జంతువుల ఎముకలతో పళ్లు చెక్కించుకున్నారు. కలిగినవారు పేదల నోటి పళ్లను డబ్బిచ్చి కొనుక్కున్నారు కూడా. 19వ శతాబ్దం మధ్యలో గట్టిపరచిన రబ్బరుతో పళ్ల సెట్లు రావడంతో అవి కొంత సామాన్యులకు అందాయి.

స్వీడన్ దేశంలో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే శాస్త్రజ్ఞుడు 1952లో కుందేలు కాలి ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడడానికి టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అది రాలేదు. ఎముక దానిని తనలో భాగంగా కలుపుకొన్నది. ఆయన వెదకినది ఒకటి, దొరికినది మరొకటి. 1965లో గోస్టా లార్సన్ అనే ఆయన కింది దవడలో మొదటిసారిగా ఇటువంటి టైటానియం వేర్లు నాటాడు. పుట్టుకతోనే అంగిలి చీలి, దవడ సరిగా ఎదగక, పళ్లు లేక, తినడానికీ మాట్లాడడానికీ బాధపడిన మనిషి ఆయన. 2006లో చనిపోయే వరకు, నలభై ఏళ్లకు పైగా ఆ వేర్లు ఆయనకు పనిచేశాయి. అయినా తోటి వైద్యులు చాలా ఏళ్లు నమ్మలేదు. 1982లో కెనడాలోని టొరంటో నగరంలో జరిగిన సభ తరువాతనే లోకం ఒప్పుకుంది. బ్రోనెమార్క్ 2014లో మరణించాడు.

టైటానియం మనకు మరీ పరాయిదేమీ కాదు. భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాలలోని నల్లని ఇసుకలో ఉండే ఇల్మనైట్ అనే ఖనిజం నుండే ఈ లోహం వస్తుంది.

ఎలా నాటుతారు?

ముందుగా ఎక్స్‌రే, అవసరమైతే స్కాన్ తీసి ఎముక ఎత్తు, వెడల్పు కొలుస్తారు. షుగరు, బి.పి. చూస్తారు. పన్ను తీసేటప్పటిలాగే ఇంజెక్షన్‌తో మొద్దుబారేటట్లు చేసి, చిగురు తెరచి, ఎముకలో రంధ్రం చేసి, సెంటీమీటరు అటూ ఇటూ పొడవున్న స్క్రూను బిగిస్తారు. తరువాత ఆగాలి. ఎముక ఆ లోహాన్ని పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. ఆ తరువాతనే దానిపై పన్ను కూర్చుతారు. కొందరికి తగిన ఎముక ఉంటే ముందుగానే పన్ను పెట్టవచ్చు. అది డాక్టరు నిర్ణయించవలసినది, మన తొందర కాదు. ఎముక చాలకపోతే ముందు ఎముక పొడి వేసి పెంచవలసి ఉంటుంది. అప్పుడు ఖర్చూ కాలమూ పెరుగుతాయి. నారు నాటిన మర్నాడే కోతకు కొడవలి పట్టుకొని వెళ్లము కదా!

తగిన మనిషికి, నేర్చిన చేతితో వేస్తే, పదేళ్ల తరువాత కూడా నూటికి తొంభైకి పైగా నిలుస్తున్నాయి. అయితే "జన్మలో పోవు" అన్న మాట నిజం కాదు. శుభ్రం లేకపోతే స్వంత పంటి చుట్టూ వచ్చినట్లే ఇంప్లాంటు చుట్టూ కూడా చీము పట్టి, ఎముక కరిగి, ఊడిపోతుంది.

ఎవరు ఆగి ఆలోచించాలి?

షుగరు అదుపులో లేనివారు ముందు దానిని అదుపు చేసుకోవాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారికి గాయం సరిగా మానదు, ఇంప్లాంటు ఊడిపోయే ప్రమాదం ఎక్కువ. మన కోస్తాలో కొందరు స్త్రీలు నిప్పు నోటి లోపలికి పెట్టి తాగే అడ్డపొగ అయితే అంగిలికే క్యాన్సరు తెస్తుంది. తల, మెడ భాగాలకు క్యాన్సరు కరెంటు పెట్టించుకున్నవారు, ఎముకలు గుల్లబారినందుకు మందులు, ఇంజెక్షన్లు వాడేవారు ఆ సంగతి తప్పక ముందే చెప్పాలి. దవడ ఎదుగుదల పూర్తికాని పిల్లలకు ఇంప్లాంటు వేయరు. ఆడపిల్ల పెండ్లి సంబంధం కోసమని తొందరపడకుండా, అంతవరకు తీసి పెట్టుకునే పన్ను పెట్టించవచ్చు.

పళ్లన్నీ పోయిన పెద్దలకు ఒక మధ్య మార్గం కూడా ఉంది. కింది దవడలో రెండే ఇంప్లాంట్లు వేసి, పళ్ల సెట్టును వాటికి గుండీలాగా తగిలిస్తారు. సెట్టు కదలదు. నోటినిండా ఇంప్లాంట్లు వేయించడం కన్నా ఖర్చు చాలా తక్కువ. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు కింది దవడకు ఈ పద్ధతినే మొదట ఆలోచించాలని చెప్పారు.

మోసపోవద్దు, అప్పులపాలు కావద్దు

సంతలలోను, రోడ్డు పక్కన పెట్టె పెట్టుకొనిను పళ్లు కట్టేవారు కొందరున్నారు. "పది నిమిషాల్లో కదలని పన్ను" అంటారు. వారు చేసేది ఏమిటంటే, పక్క పళ్లకు తీగ చుట్టి, అక్కడికక్కడే గట్టిపడే ప్లాస్టిక్ ముద్దను చిగురు మీద అతికించడం. దాని కింద అన్నం కుళ్లి, చిగురు వాచి, కొద్ది కాలంలోనే పక్కనున్న మంచి పళ్లు కూడా కదులుతాయి. ఒక్క పంటికోసం వెళ్లి నాలుగు పోగొట్టుకోవడమే. నమోదైన దంతవైద్యుడే ఈ పని చేయాలని మన దేశంలో 1948లోనే చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ నంబరు అడగడం అమర్యాద కాదు.

గట్టిగా ఉన్న పళ్లను కూడా "అన్నీ తీసేసి కొత్తవి పెడదాం" అంటే ఒప్పుకోకముందు మరొక డాక్టరును అడగండి. దేవుడు పెట్టిన వేరుకు సాటియైనది ఇంకా ఎవరూ చేయలేదు.

ఇక డబ్బు సంగతి. మొత్తం ఖర్చు ఎంత, అందులో పన్ను కూడా కలిసిందా, ఎన్నిసార్లు రావాలి, ఊడిపోతే ఏమి చేస్తారు అనేవి కాగితం మీద వ్రాయించుకోండి. నెలనెలా వడ్డీ కట్టే అప్పుతో ఇంప్లాంటు వేయించుకోవద్దు. చక్కగా అమరిన పళ్ల సెట్టు నామోషీ కాదు.

మన ప్రాంతంలో దంతవైద్య కళాశాలలు ఉండడం దేవుని మేలు. ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంతవైద్య కళాశాల ఉంది. భీమవరంలో విష్ణు దంతవైద్య కళాశాల ఉంది. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. తాడేపల్లిగూడెం వారికి ఏలూరు, భీమవరం రెండూ దగ్గరే. కైకలూరు వైపు లంకలవారు భీమవరం రైలులో వెళ్లవచ్చు. కళాశాలల్లో పెద్ద డాక్టర్ల కనుసన్నలలో విద్యార్థులు వైద్యం చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, ఎక్కువసార్లు తిరగాలి, కాని బయటికంటె ఖర్చు సాధారణంగా తక్కువ. ఒక్కరే వెళ్లడానికి జంకే పెద్దలను సంఘ యువకులు వెంటబెట్టుకొని వెళ్తే, అది కూడా పరిచర్యే.

ఉన్నవాటిని కాపాడుకొనండి

రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా పడుకునే ముందు, మెత్తని బ్రష్షుతో ఫ్లోరైడ్ పేస్టు వేసి తోముకోండి. కచిక, ఇటుక పొడి, బొగ్గు పంటి పైపొరను అరగదీస్తాయి. పందుంపుల్ల వాడేవారు చిగురు చీరుకోకుండా చూసుకోవాలి. గుట్కా, ఖైనీ మానాలి. పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందన్న భయం వట్టిది. ఆ భయంతో చీము పట్టిన పన్నును ఏళ్ల తరబడి ఉంచుకోవద్దు. పళ్ల సెట్టు ఉన్నవారు రాత్రి తీసి చల్లని నీళ్లలో వేసి, ఉదయం కడిగి పెట్టుకోవాలి. వేడినీళ్లు పోస్తే వంకరపోతుంది. సెట్టు ఒరిసి పడిన పుండు గాని, నోటిలో ఏ పుండైనా గాని రెండు మూడు వారాలకు మానకపోతే తప్పక చూపించుకోవాలి.

కుమారులారా, కోడళ్లారా, ఇంట్లో పెద్దవారు "నాకెందుకు" అంటే అది మీ ఖర్చు తగ్గించాలనే ప్రేమతో అన్న మాట. ఆ మాటను పట్టుకొని ఊరుకోవద్దు. ఈ నెలలోనే ఒకరోజు వీలు చేసుకొని వారిని దంతవైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లండి. తల్లిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞలో వారి ముందు పెట్టే అన్నమూ ఉంది, ఆ అన్నం నమలగలిగే నోరూ ఉంది. ప్రభువు మీ ఇంటి భోజనపు బల్లను దీవించి, దాని చుట్టూ కూర్చున్న చిన్నలు పెద్దలు అందరూ కలిసి తిని తృప్తిపొంది ఆయనను స్తుతించే కృప దయచేయును గాక. ఆమేన్.