ఆరు నెలలకో సూది

హెచ్‌ఐవీ మీద ముఖచిత్ర కథనం రాయమంటే ముందుగా చేతికొచ్చేవి రాష్ట్రాలవారీ శాతాలు. ఈసారి వాటినన్నిటినీ పక్కకు నెట్టేసింది 2024లో వెలువడిన ఒక చిన్న పట్టిక. హెచ్‌ఐవీ నివారణ మందులపై జరిపిన ‘పర్పస్ 1’ అనే ప్రయోగ ఫలితాలవి.

దక్షిణాఫ్రికా, ఉగాండాలలో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న, హెచ్‌ఐవీ లేని 5,300 మందికి పైగా యువతులను మూడు జట్లుగా విడదీశారు. అందరికీ సూదీ వేశారు, గోలీలూ ఇచ్చారు. ఎవరికి ఏది అసలు మందో, ఏది ఉత్తిదో వేయించుకున్నవాళ్లకూ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు. ఆరు నెలలకోసారి వేసే లెనకపావిర్ సూది అందిన 2,134 మందిలో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. రోజూ వేసుకునే ట్రువాడా గోలీ అందిన 1,068 మందిలో 16 మందికి సోకింది. డెస్కోవీ గోలీ అందిన 2,136 మందిలో 39 మందికి సోకింది.

గోలీ పనిచేయదని కాదు. మింగితే పనిచేస్తుంది. కానీ రక్తపరీక్షల్లో చూస్తే చాలామంది రోజూ మింగనే లేదని తేలింది. అదే అమ్మాయిలు సూది కోసం మాత్రం పదిమందిలో తొమ్మిదిమంది వేళకు వచ్చారు. కాబట్టి ‘వాళ్లకు శ్రద్ధ లేదు’ అనే మాట ఇక్కడ చెల్లదు. శ్రద్ధ ఉంది, ఇంట్లో డబ్బా పెట్టుకునే వీలు లేదు.

మరి మన దేశంలో గోలీ ఎందుకు పనిచేసింది? కోల్‌కతా సోనాగాచీ వాడలో దుర్బార్, మైసూరులో అశోదయ సమితి అనే సెక్స్ వర్కర్ల సంఘాలు కొన్నేళ్ల కిందట 1,300 మందికి పైగా మహిళలకు రోజూ వేసుకునే నివారణ గోలీలు ఇచ్చి చూశాయి. చాలామంది క్రమం తప్పలేదు. ఆ కాలంలో కొత్తగా ఒక్క ఇన్‌ఫెక్షన్ కూడా నమోదు కాలేదు. అక్కడ సంఘం ఉంది. తోటి మహిళే గోలీ వేసుకున్నావా అని అడిగి వెళుతుంది. దాచుకోవాల్సిన అవసరం తక్కువ.

కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో అలాంటి వాడ లేదు. ఈ వృత్తిలో ఉన్న మహిళల్లో చాలామంది కుటుంబంతోనే ఉంటారు, ఫోన్‌లో మాట్లాడుకుని వెళ్లొస్తారు. పగలు కూలికో బీడీలకో పోయే మనిషి ఇంటి గూట్లో గోలీల డబ్బా కనబడితే అత్త అడుగుతుంది, భర్త అడుగుతాడు. అందులోని టెనోఫోవిర్ హెచ్‌ఐవీ ఉన్నవారికి ఇచ్చే చికిత్సలోనూ ఉన్నదే. రోగం రాకుండా వేసుకుంటున్నానంటే నమ్మేదెవరు? సోనాగాచీ కంటే సిరిసిల్లకే సూది ఎక్కువ అవసరమని ఈ కథనం గట్టిగా అంటోంది అందుకే.

సూది అంటే ఇక్కడ భయం కూడా తక్కువే. జ్వరానికి సూది వేస్తేనే డాక్టర్ మంచిగ చూసిండనే ఊళ్లు ఇవి. మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ గర్భనిరోధక ఇంజెక్షన్ 2017 నుంచి ప్రభుత్వ దవాఖానల్లోకి వచ్చింది. ఇంట్లో ఏమీ దాచుకోనక్కర్లేని పద్ధతి మన ఆడవాళ్లకు కొత్త కాదు.

అనుమానాలూ ఉన్నాయి, వాటిని కొట్టిపారేయకూడదు. సూది వేసినచోట చర్మం కింద చిన్న గడ్డ కట్టొచ్చు. సాధారణంగా కంటికి కనబడదు, చేతికి తగులుతుంది. చేతికి తగిలినా ఇంట్లో ప్రశ్న రావచ్చు. ఆపేశాక మందు చాలా నెలలపాటు శరీరంలో కొద్దికొద్దిగా మిగిలి ఉంటుంది. అప్పుడు వైరస్ సోకితే మందుకు లొంగకుండా మొండికేసే ప్రమాదముంది. అసలు చిక్కు వలసది. జూన్‌లో జగిత్యాలలో వేయించుకున్న మనిషి డిసెంబరుకు భీవండిలో ఉంటాడు, లేదా దుబాయిలో. ఆదిలాబాద్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై నాగ్‌పూర్ వైపు లారీ నడిపే డ్రైవర్ రెండో సూది నాటికి ఏ ఊళ్లో ఉంటాడో అతనికే తెలియదు. ఏ జిల్లాలోనైనా, ఏ రాష్ట్రంలోనైనా చెల్లే కార్డు లేకపోతే ఆరు నెలల మందు ఒక్కసారి మందుగానే మిగిలిపోతుంది.

పాత కథ క్లుప్తంగా: 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల దేశంలో తొలి కేసులు గుర్తించారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో, 2003లో గేట్స్ ఫౌండేషన్ నివారణ కార్యక్రమం ‘ఆవాహన్’, 2004 ఏప్రిల్ 1న ఉచిత హెచ్‌ఐవీ చికిత్స ఏఆర్‌టీ వచ్చాయి. 2021 అంచనాల్లో తెలంగాణ పెద్దల్లో హెచ్‌ఐవీ 0.47 శాతం, దేశ సగటు 0.21. నివారణ మందులపై నాకో 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ ఏఆర్‌టీలాగా జిల్లా దవాఖానలో ఉచితంగా చేతికందే స్థితి ఇంకా రాలేదు.

మందు తయారుచేసేది మాత్రం మన పక్కనే. 2024 అక్టోబరులో, లెనకపావిర్‌ను తెచ్చిన గిలియడ్ సంస్థ 120 దేశాల కోసం జనరిక్ లైసెన్సులిచ్చిన ఆరు కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి. రెండింటి ప్రధాన కార్యాలయాలూ హైదరాబాద్‌లోనే. ఆ 120 దేశాల్లో భారత్ ఒకటి. అమెరికాలో ఏడాదికి 28,218 డాలర్లు పలికే మందును 2027 నుంచి మనిషికి ఏడాదికి దాదాపు 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటనలు వెలువడ్డాయి. అంటే మూడున్నర వేల రూపాయల చిల్లర.

ధర తగ్గితే చాలదు, సేవ నిలవాలి. 2021లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం తెరిచిన మిత్ర్ క్లినిక్ 2025 తొలినాళ్లలో అమెరికా నిధులు ఆగడంతో మూతపడింది. సగంలో ఆగితే ముప్పు తెచ్చే మందును విదేశీ నిధుల మీద నడపకూడదు. రాష్ట్ర బడ్జెట్‌లో దానికంటూ ఒక పద్దు ఉండాలి.

సూది ఎలా వేస్తారు?
ముందు హెచ్‌ఐవీ పరీక్ష, నెగటివ్ అయితేనే మందు. మొదటిరోజు పొట్ట చర్మం కింద ఒకటిన్నర మిల్లీలీటర్ల చొప్పున రెండు ఇంజెక్షన్లు, రెండు గోలీలు. రెండోరోజు మరో రెండు గోలీలు. తర్వాత 26 వారాలకోసారి పరీక్ష, మళ్లీ సూదులు. ఇది టీకా కాదు. గనేరియా, సిఫిలిస్, గర్భం రాకుండా ఆపదు, కండోమ్ ఉండాల్సిందే. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే సూదీ కాదు.

మగవాళ్లు, ట్రాన్స్‌జెండర్ల సంగతి
పురుషులతో సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్‌జెండర్లతో జరిపిన ‘పర్పస్ 2’లో సూది అందిన 2,179 మందిలో ఇద్దరికే సోకింది. 2025 జూన్ 18న అమెరికా ఎఫ్‌డీఏ ఈ సూదిని నివారణకు అనుమతించింది. జులై 14న ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది.

2027కు ఇంకెంతో సమయం లేదు. సూది ఎక్కడ వేయాలి, ఏ వేళకు, ఎవరి చేత, కార్డు మీద ఏం రాయాలి అనేవి హైదరాబాద్‌లో కూర్చుని తేల్చేవి కావు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పీర్ ఎడ్యుకేటర్లను, ట్రాన్స్‌జెండర్ సంఘాలను, లారీ డ్రైవర్లను, వలస కుటుంబాలను ఇప్పుడే కూర్చోబెట్టి అడగాలి. అప్పటిదాకా చదువరులకు ఒక మాట: ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. అనుమానాలుంటే నాకో ఉచిత హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి.