ఒకే దొర పేరు, రెండు విషాలు

రాయచూరు జిల్లాకు సముద్రం లేదు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ సింధనూరు వైపు తెలుగు రైతుల క్యాంపులు. అక్కడ వరి చేలల్లో అందరూ హడలిపోయే రక్తపింజరికీ, విశాఖ సముద్రంలో దొరికే ఓ ముళ్ల చేపకూ శాస్త్రవేత్తలు పెట్టింది ఒకే మనిషి పేరు. ఆయన పాట్రిక్ రస్సెల్. రెండూ విషజీవులే. పేర్ల చరిత్రలో ఇంతకు మించిన విడ్డూరపు జోడీ నాకైతే కనబడలేదు.

రస్సెల్ స్కాట్లండు వైద్యుడు. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తన సోదరుడితో 1781లో ఇక్కడికొచ్చి, పాముల మీదా చేపల మీదా పడ్డాడు. 1803లో 200 చేపల బొమ్మలతో రెండు సంపుటాల పుస్తకం తెచ్చాడు. లాటిన్ పేర్ల కోసం తడుముకోకుండా, చాలా చేపలకు స్థానికులు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. అలా మన కానాగంత ‘కనగుర్తా’గా, తోలు పార ‘తోల్’గా ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకెక్కాయి. చేపలబజారు మాటకు ఇంత గౌరవం మరో చోట దక్కిందా అంటే అనుమానమే.

ముళ్ల చేప కథ మరీ తమాషా. రస్సెల్ దాని పేరు ‘కోడిపుంగి’ అని రాసుకున్నాడు. రెక్కలు విప్పిందంటే అచ్చం కోడిపుంజే మరి! 1852లో డచ్చి శాస్త్రవేత్త బ్లీకర్ ఆ మాటనే శాస్త్రనామం చేశాడు. కానీ ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది నియమం. 1831లోనే బెన్నెట్ అనే మరో శాస్త్రవేత్త దానికి రస్సెల్ పేరు పెట్టేశాడు. 21 ఏళ్ల ఆలస్యంతో మన పుంజు ఓడిపోయింది.

ఇంగ్లీషువాళ్లు లయన్‌ఫిష్ అనే ఈ జాతిలో రస్సెల్ చేపను పోల్చుకోవడానికి తోక చూడాలి. దాయాదుల్లో చాలావాటికి తోక మీదా, వెన్ను రెక్క వెనుక భాగం మీదా నల్ల చుక్కలుంటాయి, దీనికి ఉండవు. వలలో పడితే మాత్రం చేయి పెట్టకూడదు. వెన్ను మీద 13 విషపు ముళ్లుంటాయి, చచ్చిన చేప ముల్లు గుచ్చుకున్నా మంట తప్పదు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చేయి ముంచడం ప్రథమ చికిత్స. ఉడికిస్తే విషం విరిగిపోతుంది. దాని దాయాదులు 1985లో ఫ్లోరిడా దగ్గర కనబడి, క్రమంగా అట్లాంటిక్‌లో బెడదగా మారాయి. అక్కడివాళ్లు పోటీలు పెట్టి మరీ పట్టి, వండుకు తింటున్నారు.

రస్సెల్ పేరున్న మరో చేప, సముద్రపు రాతి దిబ్బల్లో ఉండే ఓ స్నాపర్. రాళ్ల చోట వల చిరిగిపోతుంది కాబట్టి దీనికి గాలమే మేలు. వెన్ను రెక్క వెనుక భాగం కింద నల్ల మచ్చ దీని గుర్తు. బ్లీకర్ 1849లో జావా చేపను చూసి ఆ పేరు పెట్టాడు. మన వైపుదీ అదేనని చాలాకాలం నమ్మారు. 2013లో హిందూ మహాసముద్రపుది వేరే జాతి అని తేల్చి ‘ఇండికస్’ అన్నారు. దాంతో రస్సెల్ పేరు పసిఫిక్ చేపకే మిగిలింది, ఆయన చేపలు ఏరిన విశాఖ తీరానికి ఆ పేరున్న స్నాపర్ లేకుండా పోయింది.