శనివారం రాత్రి... తెల్లారితే ఆదివారం!

చేతిలో టికెట్టుంది. పెట్టెలు సర్దడం అయిపోయింది. రావాల్సింది కారొక్కటే. బందరు, గుడివాడ, దివిసీమల నుంచి విమానం ఎక్కేవాళ్లకి అసలు ప్రయాణం ఆ కారు కోసం ఎదురుచూడటంతోనే మొదలవుతుంది.

అర్ధరాత్రి దాటి రెండున్నర అయింది. మంగినపూడి తీరానికి దగ్గర్లో ఓ రిసార్టు. వరండాలో నాలుగు పెద్ద సూట్‌కేసులు, మూడు చేతిసంచులు, బందరు లడ్డూల అట్టపెట్టె ఒకటి. వాటి చుట్టూ మేం ఎనిమిదిమంది. మా బాబాయి షష్టిపూర్తి గురువారం ఘనంగా జరిగింది. చుట్టాలందరూ ఒకచోట ఉంటారని అక్కడే గదులు తీసుకున్నాం. ఇప్పుడాయన కూతురు అమెరికా చదువుకి వెళ్తోంది. మొదటిసారి. ఉదయం ఆరూ నలభైకి గన్నవరంలో ఎక్కాలి, హైదరాబాదులో దిగి పెద్ద విమానం పట్టుకోవాలి, కాలేజీ వాళ్లిచ్చిన గడువులోపు అక్కడ కనిపించాలి. కారు రెండున్నరకి రావాలి.

రెండూ నలభై. రాలేదు. రెండూ యాభై. లేదు.

‘వస్తాడ్లే, దారిలో ఉండుంటాడు’ అంది పిన్ని. కౌంటర్లో కుర్రాడు రిజిస్టరు తిరగేశాడు. ఒకసారి మమ్మల్ని చూశాడు, మళ్లీ పుస్తకంలోకి చూశాడు. ‘సార్... మీ కారు నిన్ననే వచ్చి వెళ్లిపోయిందండీ’ అన్నాడు.

ఎవరిదీ తప్పు కాదు

బుధవారమే బాబాయి కౌంటరు దగ్గరకెళ్లి కారు చెప్పాడు. ‘శనివారం రాత్రి రెండున్నరకి’ అన్నాడు. అవతలివాడు ‘శనివారం, 2.30 ఏఎం’ అని రాసుకుని, పక్కన శనివారం తారీఖు వేసుకున్నాడు. డ్రైవరు ఆ తారీఖు ప్రకారమే వచ్చాడు, అంటే మన లెక్కలో శుక్రవారం రాత్రి. అప్పుడు మేమంతా గాఢనిద్రలో ఉన్నాం. అతని దగ్గరున్నది హోటలు నంబరే. నలభై నిమిషాలు గేటు దగ్గర నిలబడి వెళ్లిపోయాడు.

ఆలోచిస్తే ఎవర్నీ తిట్టబుద్ధి కాదు. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయంతో ముగుస్తుంది. తెల్లారేదాకా అది శనివారమే. విమాన సంస్థ గడియారానికి మాత్రం అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే ఆదివారం వచ్చేస్తుంది. ఆ పన్నెండుకీ సూర్యోదయానికీ మధ్య ఉన్న ఆరు గంటల్లోనే మనవాళ్ల ప్రయాణాలు చాలా పడతాయి. విదేశీ విమానాలైతే మరీను. టికెట్టు మీద 14వ తేదీ 3.50 అని ఉంటుంది. 14 సాయంత్రం తీరిగ్గా భోంచేసి బయల్దేరినవాడికి విమానం వెళ్లిపోయి అప్పటికి పదహారు గంటలు!

ఈ చిక్కుని మన పెద్దలు ఏనాడో విప్పారు. పాత శుభలేఖ ఏదైనా తీసి చూడండి. రాత్రి ముహూర్తమైతే ‘శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం 2 గంటల 34 నిమిషములకు’ అని ఉంటుంది. బంధువులు ఒకరోజు ముందూ రారు, వెనకా రారు. పెళ్లికి అంత జాగ్రత్తగా అచ్చు వేయించే మనం కారు చెప్పేటప్పుడు మాత్రం ‘రాత్రికి వచ్చెయ్ బాబూ’ అని ఫోన్ పెట్టేస్తాం.

సుమోలు, పూలదండలు

ఇప్పుడంటే గన్నవరం ఉంది. కృష్ణా డెల్టా నుంచి అమెరికా వెళ్లడం అంటే హైదరాబాదు బేగంపేట అన్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వెళ్లేది ఒక్కరు, సాగనంపేది రెండు సుమోల జనం. పైన క్యారియరు మీద తాళ్లతో కట్టిన పెట్టెలు, లోపల పులిహోర పొట్లాలు. బందరు నుంచి ఆ ఊరు దాదాపు మూడువందల యాభై కిలోమీటర్లు. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కి మారాయి. నగరం నడిబొడ్డుకి వెళ్లే బాధ తప్పింది కానీ దూరం తగ్గలేదు. పుణె దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారికి ఒక కొస మన బందరే కాబట్టి, దారి అడిగే అవసరం లేదన్నదే ఊరట.

గన్నవరం రన్‌వే రెండో ప్రపంచయుద్ధం నాటిది. అయినా మనకి పనికొచ్చింది చాలా ఆలస్యంగానే. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాదుకి రోజువారీ సర్వీసు పెట్టినప్పుడు ‘గంటలో హైదరాబాదంట’ అని చెప్పుకున్నారు. 2017లో కొత్త టెర్మినల్ వచ్చింది. అదే ఏడాది అంతర్జాతీయ విమానాశ్రయం హోదా కూడా ఇచ్చారు. 2018 డిసెంబరులో సింగపూర్‌కి తొలి విమానం ఎగిరింది. అమెరికా వెళ్లాలంటే మాత్రం హైదరాబాదులోనో ఢిల్లీలోనో మారాల్సిందే. అందుకే తెల్లవారుజామున గన్నవరంలో ఎక్కే చిన్న విమానం తప్పితే, ఆ వెనకాల పెద్దదీ తప్పుతుంది. రెండూ వేర్వేరు టికెట్లయితే రెండోదాని డబ్బులకు నీళ్లొదులుకోవాల్సిందే.

సాగనంపే జనం మాత్రం తగ్గారు. మా రోజుల్లో విమానాశ్రయం లోపలికి చూడ్డానికే ఊరు సగం వచ్చేది. ఇప్పుడు అమ్మానాన్నలు కూడా ‘గేటు దగ్గర దింపి వచ్చేస్తారు’ అంటూ డ్రైవరుకి అప్పజెబుతున్నారు. కాబట్టి ఆ డ్రైవరెవరో కాస్త తెలిసి ఉండాలి కదా!

మూడు దారులు

బందరు నుంచి గన్నవరానికి ఎలా వెళ్తారని పదిమంది డ్రైవర్లని అడగండి. మూడు జవాబులు వస్తాయి. ఒకటి, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బెజవాడ వెళ్లి, బెంజి సర్కిల్ దగ్గర మళ్లి రామవరప్పాడు మీదుగా వెనక్కి రావడం. నాలుగు వరసల రోడ్డు, అర్ధరాత్రి హాయిగా ఉంటుంది. అదే సాయంత్రమైతే పెనమలూరు నుంచి బెంజి సర్కిల్ దాకా ఎంతసేపన్నది ఎవరూ చెప్పలేరు. రెండు, పామర్రులో మళ్లి గుడివాడ, అక్కణ్నుంచి హనుమాన్ జంక్షన్, జాతీయ రహదారి ఎక్కి గన్నవరం. బెజవాడ ట్రాఫిక్ తగలదు. గుడివాడ వాళ్లకైతే ఇదే దారి, గంట చాలు. మూడు, కంకిపాడు దగ్గర్నుంచి ఊళ్ల మధ్యగా అడ్డదారి. దూరం కలిసొస్తుంది కానీ, తెలిసిన డ్రైవరైతేనే రాత్రిపూట అటు వెళ్లాలి.

దివిసీమ వాళ్ల సంగతి వేరు. ఆ గడ్డ మీద రైలు పట్టాలు లేవు. అవనిగడ్డ నుంచి చల్లపల్లి, ఉయ్యూరు మీదుగానో, కృష్ణ కరకట్ట వెంటనో వెళ్లాలి. పగలు కరకట్ట ప్రయాణం కన్నులపండుగ. రాత్రి మాత్రం అదే కట్ట భయపెడుతుంది. పక్కన ఏరో, కాలవో. డిసెంబరు, జనవరిల్లో మంచు పడితే బండి ముందున్న బానెట్టే కనిపించదు. పైగా అది కోతల కాలం. రోడ్డు సగం మేర ఆరబోసిన ధాన్యం, అంచుల్లో పేర్చిన రాళ్లు, లైట్లు లేని ట్రాక్టర్లు. మామూలుగా గంటన్నర పట్టే దారికి అప్పుడు మరో గంట కలుపుకోవాలి. అదే మంచు గన్నవరంలోనూ కురిసి విమానాలు గాల్లో చక్కర్లు కొట్టడం, హైదరాబాదు మళ్లిపోవడం కూడా మామూలే. ఎలాగూ ఆలస్యమవుతుందిలే అని ఇంట్లో కూర్చోకండి. బయల్దేరే విమానానికి చాలా సంస్థలు గంట ముందే కౌంటరు మూసేస్తాయి, మంచుంటే మనకోసం తెరిచి ఉంచవు.

డిక్కీలో సిలిండరు

కారు చెప్పేటప్పుడు మనవాళ్లు అడిగేది ఒకటే... ఎంత? అంతకన్నా ముందు అడగాల్సింది, పెట్టెలు పడతాయా అని. ఇప్పుడు అద్దె కార్లు చాలావరకు గ్యాసువి. డిక్కీ తెరిస్తే సగం జాగా సిలిండరుదే. ఇరవైమూడు కిలోల పెట్టెలు రెండు, చేతిసంచి ఒకటి, పచ్చళ్ల డబ్బా... ఇద్దరు ప్రయాణికుల సామాను ఆ మిగిలిన సగంలో పట్టదు. అర్ధరాత్రి వాకిట్లో ఆ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు. కారు పేరు కాదు, క్యారియరు ఉందా, డిక్కీ ఖాళీయా అని అడగండి.

ఇక కిరాయి. గన్నవరం వెళ్లేది ఒకవైపే అయినా డ్రైవరు రెండువైపులా లెక్కేస్తాడు. తిరిగొచ్చేటప్పుడు అతనికి బేరం దొరకదు కాబట్టి అది న్యాయమే. దానిపైన రాత్రి బత్తా, టోలు, పార్కింగు, వెయిటింగు. ఇవన్నీ కలిపి చెప్పిన రేటా, విడివిడిగానా అన్నది ముందే తేల్చుకుంటే దిగేచోట మాటామాటా పెరగదు. హోటలు ద్వారా చెబితే కొంత ఎక్కువవుతుంది. మధ్యలో కౌంటరు వాళ్లకీ కాస్త ముట్టాలి. అది తప్పనను. కానీ ఆ ఎక్కువ డబ్బుకి మనకి దక్కాల్సింది ఒకటుంది, డ్రైవరు పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు, అవీ ముందురోజు సాయంత్రానికే. మాకు దక్కనిది సరిగ్గా అదే. బెజవాడలో అలవాటైన యాప్‌ని నమ్ముకుని కోడూరులోనో నాగాయలంకలోనో అర్ధరాత్రి ఫోన్ నొక్కుతూ కూర్చోవడం మాత్రం పెద్ద సాహసం.

శంషాబాద్ దాకా వెళ్లే బండైతే ఇంకో ప్రశ్న ఉంది. రాష్ట్రం విడిపోయాక, 2015 నుంచి మన అద్దె బండ్లు తెలంగాణలో అడుగుపెట్టాలంటే పన్ను కట్టాల్సి వచ్చింది. ఆలిండియా టూరిస్టు పర్మిటున్న బండికి ఆ బెడద లేదు. లేనివాడు సరిహద్దు దగ్గర ఆగి కాగితాలు చూసుకుంటుంటే కరిగిపోయేది మన సమయమే.

పసుపు ప్లేటు

ఊళ్లో ‘మనవాడి కారుంది, తక్కువకే వస్తాడు’ అంటారు. తెల్ల నంబరు ప్లేటు, సొంత బండి. పసుపు ప్లేటు బండి కిరాయికి తిప్పడానికి పర్మిటున్నది. తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పడం మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే జరిమానా అన్నది చిన్న సంగతి. సొంత వాడకానికి చేయించిన బీమా కిరాయి ప్రయాణానికి వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది. కాలవ గట్టు మీద జరగరానిది జరిగితే, లోపల కూర్చున్నవాళ్లు పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ రాత్రి తెల్ల ప్లేటు కారెక్కాం. వాచ్‌మన్ లేపుకొచ్చిన మనిషి పక్క ఊరివాడు, బండి అతని బావమరిదిది. వేరే దారి లేదు. మూడూ ఇరవైకి కదిలాం. రెండు సూట్‌కేసులు డిక్కీలో, ఒకటి ముందు సీట్లో, ఒకటి మా చెల్లెలి ఒళ్లో. నాలుగోదాన్ని ఇరికించడానికి లడ్డూల పెట్టె పిన్ని చేతికిచ్చేశాం. వెనక సీట్లో ఓ మూల బాబాయి, ఇంకో మూల నేను. మిగతావాళ్లందరూ వరండాలోనే చేతులూపారు. ఏడవడానిక్కూడా తీరిక లేదు.

ఉయ్యూరు దాటాక చూశాను, ఆ మనిషి తల ఊగుతోంది. మంచి నిద్రలో లేపుకొచ్చాం మరి. బాబాయి బండి ఆపించాడు. సెంటర్లో అప్పుడే పొయ్యి వెలిగించిన టీ బడ్డీ ఉంది. విమానం తప్పుతుందని చెల్లెలు గోల పెడుతున్నా వినకుండా, అతనితో మొహం కడిగించి, టీ తాగించి, పది నిమిషాలు నిలబెట్టాడు. ‘విమానం పోతే ఇంకోటి కొంటానమ్మా’ అన్నాడు. ఆయన జీతమెంతో, బ్యాంకు అప్పెంతో తెలిసినదాన్ని కాబట్టి, ఆ మాట విలువెంతో నాకు తెలుసు.

రాత్రి బండ్ల విషయంలో మన ఊళ్లలో ఎవరూ పట్టించుకోనిది ఇదే. ముందురోజు తిరుపతి వెళ్లొచ్చిన డ్రైవర్నే రాత్రికి గన్నవరం పంపుతారు. యజమానికి బేరం పోకూడదు, డ్రైవరుకి బత్తా పోకూడదు. చాలా హోటళ్లలో కారు పెట్టుకోవడానికి చోటుంటుంది కానీ, డ్రైవరు నడుం వాల్చడానికి ఉండదు. సీటు వెనక్కి వాల్చి, దోమలకి అద్దాలెత్తి, ఉక్కపోతలో పడుకుంటాడు. ఎక్కే ముందు ‘బాబూ, ఎక్కణ్నుంచి వస్తున్నావు, ఏమైనా పడుకున్నావా?’ అని అడిగితే అతనేం నొచ్చుకోడు. అడిగినవాళ్లు తక్కువ కాబట్టి సంతోషిస్తాడు కూడా.

అయిదూ ముప్ఫై నాలుగుకి గన్నవరంలో దిగాం. కౌంటరు మూసేది అయిదూ నలభైకి. తోపుడు బండి మీద పెట్టెలు వేసుకుని చెల్లెలు గాజు తలుపు దాటి పరుగెత్తడం వరకే మాకు కనిపించింది. ‘ఇచ్చేశారు, పాస్ ఇచ్చేశారు’ అని అయిదూ నలభై రెండుకి ఫోన్ చేసింది.

తిరుగు ప్రయాణంలో బాబాయి హోటలు వాళ్లనడిగి, ఆ మొదటి డ్రైవరు నంబరు సంపాదించాడు. చల్లపల్లి దగ్గర ఊరట. ఫోన్ తీయగానే ‘నేనొచ్చానండీ, సత్యప్రమాణంగా వచ్చాను’ అని మొదలుపెట్టాడు పాపం. ఆ రాత్రి రానూపోనూ అతనికయిన ఖర్చు బాబాయి పంపించేశాడు. పంపక్కర్లేదని పిన్ని అంది. హోటలు వాళ్లు పెట్టుకోవాలని నేనన్నాను. ఆయన వినలేదు.

సంక్రాంతికి చెల్లెలు వస్తోంది. ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగుతుంది. బాబాయి మొన్న అదే డ్రైవరుకి ఫోన్ చేశాడు. ‘శనివారం రాత్రి, తెల్లారితే ఆదివారం’ అని చెబుతుంటే స్పీకర్లో అతని గొంతు నాకూ వినిపించింది.

‘అదంతా వద్దండీ బాబాయిగారూ. తారీఖు చెప్పండి, టికెట్టు ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. నేను చూసుకుంటాను.’