శాతం సరే... దేని మీద?

ముంబయి: 2025 మే 9న బెస్ట్ బస్సుల్లో ఏసీ లేని బస్సు కనీస చార్జీ రూ.5 నుంచి రూ.10కి పెరిగింది. అంటే అచ్చంగా నూరు శాతం! కామాఠీపుర గల్లీల్లో, దాదర్ చాళ్లలో ఉంటూ రోజూ బస్సెక్కి పనికెళ్లే మనవాళ్ల జేబుకు నేరుగా తగిలే లెక్క ఇది.

లెక్క సులువే. ఎంత పెరిగిందో దాన్ని పాత ధరతో భాగించి, నూరుతో హెచ్చించాలి. పెరిగింది 5, పాత ధర 5. కాబట్టి 100 శాతం. పొరపాటున కొత్త ధరతో భాగించారా... 50 వస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

కాస్త వెనక్కి వెళ్దాం. 2019 జులైకి ముందు ఈ చార్జీ రూ.8. అప్పుడు రూ.5కి దించారు. అది 37.5 శాతం తగ్గింపు. మరి 100లోంచి 37.5 తీసేస్తే 62.5 శాతం పెరిగినట్టేనా? కాదు. 8 నుంచి 10కి పెరిగింది 25 శాతమే. ఒక శాతం ఎనిమిది మీద, ఇంకోటి ఐదు మీద వేసింది. రెంటినీ కలపకూడదు, తీసెయ్యకూడదు.

మూడు రూపాయలే... శాతాలు వేరు

2025 ఫిబ్రవరి 1న టాక్సీ కనీస చార్జీ రూ.28 నుంచి 31కి, ఆటోది రూ.23 నుంచి 26కి పెరిగాయి. రెండింటికీ పెరిగింది మూడేసి రూపాయలే. కానీ టాక్సీకి అది 10.7 శాతం, ఆటోకు 13 శాతం. పాత ధర చిన్నదైతే శాతం పెద్దదిగా కనిపిస్తుంది.

పగారు దగ్గర జాగ్రత్త

చార్జీలో పొరబడితే పోయేది రూపాయో రెండో. పగారులో అలా కాదు. పని తగ్గిందని సేఠ్ రూ.10,000 పగారులో 20 శాతం కోశాడనుకుందాం. చేతికొచ్చేది రూ.8,000. కొన్నాళ్లకు "కోసిన 20 శాతం మళ్లీ పెంచేశా" అంటాడు. సంతోషపడి ఇంటికొస్తే లెక్క తేలేది రూ.9,600! ఎనిమిది వేల మీద 20 శాతం రూ.1,600 మాత్రమే. పాత పగారు రావాలంటే 25 శాతం పెంచాలి. ఆ నాలుగొందలు నెలనెలా పోతే ఏడాదికి రూ.4,800.

అందుకే ఎవరు శాతం చెప్పినా తలూపే ముందు ఒక్క మాట అడగండి. "దేని మీద?"