గిద్ద నుంచి పుట్టి దాకా: వేసవిలో పిల్లల లెక్కలు

అమెరికాలో పిల్లలకు వేసవి సెలవులు దాదాపు పది వారాలు. ఆ విరామంలో ఏం మరిచిపోతారని హారిస్ కూపర్ బృందం 1996లో 39 అధ్యయనాలను కలిపి చూసింది. సగటున నెల చదువు వెనక్కి పోతుందని, కూడికలు, భాగాహారాల వంటి లెక్కలూ స్పెల్లింగూ ఎక్కువగా దెబ్బతింటాయని తేల్చింది. ఎంత పోతుందన్న దాని మీద తరవాతి పరిశోధకులకు పేచీ ఉంది. కారణం మాత్రం మనకు తెలిసిందే. కథల పుస్తకం సెలవుల్లోనూ చేతికి దొరుకుతుంది. మూడింట రెండు వంతుల్లో సగం ఎంతని ఇంట్లో ఎవరూ అడగరు. అందుకని లావుపాటి వర్కుబుక్కు కొంటాం. జులై నాటికి అది మంచం కిందికి చేరుతుంది.

సెలవులకు తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వెళ్తున్నవాళ్లు అమ్మమ్మగారింటి అటక మీది పాత కొలపాత్రలు దింపించండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. బియ్యం పోసి కొలవనిస్తే గిద్ద మానికలో పదహారో వంతని, అంటే వీసమని, పిల్లలే చెబుతారు. తూముకు 256 గిద్దలు. కంప్యూటరు నేర్చుకునే పిల్లవాడు ఆ అంకెను వెంటనే గుర్తుపడతాడు. పుట్టికి ఎన్నో వాణ్నే చెప్పనివ్వండి (5,120).

ఈ కొలతల మీదే బతికినవాళ్ల ఊరు బాపట్ల, చీరాల మధ్య ఉంది. స్టూవర్టుపురం అనగానే మనకు దొంగల సినిమాలే గుర్తొస్తాయి. అక్కడి ఎరుకలవారి పూర్వీకులు తీరం నుంచి ఉప్పు పశువుల మీద లోపలి ఊళ్లకు మోసుకెళ్లి, ధాన్యానికి మార్చుకునేవారు. రైళ్లూ, ఉప్పు పన్నూ ఆ వ్యాపారాన్ని చంపేశాయి. తరవాత ప్రభుత్వం వాళ్ల మీద నేరస్థ తెగల చట్టం ప్రయోగించింది. 1910లలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో ఈ సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. చట్టం 1952లో రద్దయినా ముద్ర చెరగలేదు. దాన్ని చెరిపేందుకు 1970ల నుంచి సంఘ సంస్కర్తలు హేమలత, లవణం దంపతులు అక్కడ పనిచేశారు.

వాళ్ల వ్యాపారం నుంచే ఒక లెక్క అల్లవచ్చు. కుంచం వడ్లకు మూడు కుంచాల ఉప్పు బేరమనుకుందాం. తూము ఉప్పుకు ఎన్ని వడ్లు? కుంచం మీద మరో మూడో వంతు. చిక్కంతా ఆ మూడో వంతులోనే ఉంది, ఎందుకంటే మన పాత్రలన్నీ సగాలూ పావులే. మానిక పోసి, సోల పోసి, గిద్ద పోసినా ఇంకా కొంచెం మిగులుతుంది. అదెంతో చూస్తే గిద్దలో మళ్లీ మూడో వంతే! ఎంత చిన్న పాత్ర తెచ్చినా తెమలని ఈ లెక్కను కాలేజీలో అనంత శ్రేణి పేరుతో చెబుతారు. ఐదో తరగతి పిల్లకు బియ్యంతోనే అర్థమవుతుంది.

కొలపాత్రలు దొరక్కపోతే ఎండ ఉంది. సెల్సియస్‌ను రెట్టింపు చేసి ముప్ఫై కలిపితే ఫారన్‌హీట్ అని పిల్లలు అంటుంటారు. ఆ లెక్కన నలభై డిగ్రీలు 110 అవ్వాలి, నిజానికి 104. ఆరు ఎటు పోయిందో వాళ్లనే వెతకనివ్వండి.

రోజుకు పావుగంట చాలు, మార్కులు వేయకండి. జూన్‌లోనే మొదలుపెట్టండి. ఆగస్టు చివర కూర్చోబెడితే పిల్లలకూ ఏడుపే, మీకూ ఏడుపే.